కొండమ్మ హార్మోనియం పెట్టె

చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో పత్తి ఏరే కొండమ్మకి పెళ్ళికి ముందే హార్మోనియం వచ్చు. చర్చిలో పాటలు నేర్పే టీచరమ్మ దగ్గర నేర్చుకుంది. బదిలీ అయి వెళ్ళిపోతూ ఆవిడ తన పాత పెట్టె కొండమ్మకే ఇచ్చింది. మొగుడు ప్రేమదాసు డప్పు కొట్టేవాడు. అదే మిల్లులో బేళ్ళు కట్టే సిలార్ సన్నాయి ఊదేవాడు. పెళ్ళికి సన్నాయి, చావుకి డప్పు, చర్చికి హార్మోనియం అని ఎక్కడివక్కడ ఉండాల్సిన వాటిని ఒకచోట చేర్చి, పంతొమ్మిదొందల యాభై ఎనిమిదిలో వీళ్ళు మేళం కట్టారు. క్రీస్తు పాట వరస ఎత్తుకుని, దానికి పీర్ల పండగ దెబ్బ వేసి, మధ్యలో బండివాళ్ళ కూనిరాగం కలిపేవాళ్ళు. విన్న మిల్లువాళ్ళు నవ్వి, ఇది భజనా ఊరేగింపా అని అడిగేవాళ్ళు.

పేటలో వాయిస్తే చర్చి పెద్దలూ ఊరుకోరు, మిగతా సన్నాయివాళ్ళూ ఊరుకోరు. అందుకని ఆదివారం మధ్యాహ్నాలు మిల్లు గోడౌనులో సాధన. కాపలా బుల్లయ్య తలుపు తీసి, తనూ వచ్చి కూర్చునేవాడు. చుట్టూ కప్పుదాకా పత్తి. ఎంత వాయించినా మింగేసేది. తమ వాద్యం తమకి వినపడాలని సిలార్ బుగ్గలు పగిలేలా ఊదేవాడు, ప్రేమదాసు చేతులు వాచేలా కొట్టేవాడు. ఆ రెంటి మధ్యా కొండమ్మ పెట్టె ఆమెకే వినపడేది కాదు.

“ఉన్నా లేకపోయినా ఒకటేగదే. ఊరికే మెడనొప్పి,” అన్నాడు ప్రేమదాసు.

మార్టూరు దగ్గర పల్లెలో పానకాలుగారనే రైతు కూతురి పెళ్ళికి మొదటిసారి మేళం కుదిరింది. ఆ ఒక్కదానికి పెట్టె తెచ్చుకోమని, అక్కడా వినపడకపోతే ఇంక ఇంట్లోనే ఉంచుకోమని తేల్చేశాడు. కొండమ్మ ఎదురుచెప్పే మనిషి కాదు. మెడకి తగిలించుకునే పట్టీ మాత్రం కొత్తది కుట్టుకుంది.

పెళ్ళికూతురు ఎక్కిన ఎడ్లబండి మిరప కళ్ళాల పక్కగా సాగుతోంది. గోడౌనులో అలవాటైన ఊపుతోనే ముగ్గురూ ఒక్కసారిగా ఎత్తుకున్నారు. పత్తి లేనిచోట తమ మోత ఎంతో వాళ్ళకే తెలియదు. ఎడ్లు బెదిరి, ఎండబోసిన మిరపకాయల మీదికి బండిని లాక్కుపోయాయి. పాలేరు పరుగెత్తి పగ్గాలు పట్టుకున్నాడు కాబట్టి పిల్లకేమీ కాలేదు. కానీ చక్రాల కింద నలిగిన కాయల ఘాటు లేచింది. ఊరేగింపు ఊరేగింపంతా తుమ్ములూ దగ్గులే. సిలార్ సన్నాయి పెదాలకి ఆనిస్తే చాలు, దగ్గు తెర. ప్రేమదాసు కళ్ళు తెరవలేక డప్పు చంకలో ఇరికించుకుని నిలబడిపోయాడు.

పెళ్ళికూతురు బయల్దేరాక మేళం ఆగడం మంచిది కాదని ఆడవాళ్ళు గొణిగారు. పానకాలు ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

“ఏరా, నా కాయలు తొక్కించింది చాలక మేళం కూడా ఆపుతారా? ఏదో ఒకటి మోగించండి. లేదా ఇటునుంచి ఇటే పొండి.”

మిల్లులో పత్తిధూళికి కట్టుకునేట్టే కొండమ్మ పైటకొంగు ముక్కుకీ నోటికీ బిగించి చెవుల వెనక దోపుకుంది. హార్మోనియానికి మనిషి ఊపిరితో పనిలేదు. ఎడంచేత్తో తిత్తి ఆడిస్తూ బండివాళ్ళ కూనిరాగం అందుకుంది, నెమ్మదిగా. ఎడ్లు చెవులు వాల్చాయి. పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. బండి కదిలింది, జనం కదిలారు. ఆ పెట్టె చిట్టచివర నడుస్తున్న ముసలమ్మలకి కూడా వినపడింది. ప్రేమదాసు కాసేపు వింటూ నడిచి, వేళ్ళతో డప్పు మీద సన్నగా తట్టడం మొదలుపెట్టాడు. ఘాటు తగ్గాక సిలార్ కలిశాడు, సన్నాయి గొంతు తగ్గించి.

పెళ్ళిపందిరి దగ్గర పానకాలు ఆమె ముందు ఆగాడు. “అమ్మాయ్, రేపు అప్పగింతలకి కూడా నువ్వే వాయించాలి.”

అప్పట్నుంచి సాధన గోడౌను గుమ్మం బయటే. అరవైల్లో ఆ మేళం దాచేపల్లిదాకా తిరిగింది. ఊరుకోరనుకున్న చర్చి పెద్దలే తమ పిల్లల పెళ్ళిళ్ళకి పిలిచారు. మేళం మాట్లాడుకోవడానికి గోడౌనుకి వచ్చినవాళ్ళు మొదట అడిగేది ఒకటే, కొండమ్మ పెట్టె వస్తుందా అని.

“అది రాకపోతే మేమెందుకండీ,” అనేవాడు ప్రేమదాసు, గుమ్మంలో పత్తి దులుపుకుంటున్న పెళ్ళాం వైపు చూస్తూ.