కొండవైపు నడిచే మనిషి

రోడ్డు మీద రాళ్లు పడకుండా కొండకు ఇనుప వల కట్టారు. అందులో చిక్కిన రాళ్లను ఏరి పారేయడం అతని పని. అందరికీ అతను వల మావయ్య. "ఏం మావయ్యా, చేపలు పడ్డాయా?" అని దారినపోయేవాళ్లు అడిగితే, "పెద్ద చేప ఇంకా పైనే ఉందిరా" అని నవ్వేస్తాడు. పొద్దున్నే వలను పట్టి ఉంచే ఇనుప తాళ్లను స్పానరుతో తట్టి, చెవి ఆనించి వింటాడు. తుప్పు తిన్న తాడు బొంగురుగా మోగుతుంది. ఇప్పుడు దాదాపు అన్నీ అలాగే మోగుతున్నాయి. ఆ మాట సూపర్‌వైజరుకు చెప్పి చెప్పి, నోరు నొప్పెట్టి మానేశాడు. చెప్పినప్పుడల్లా "ఇంకా తెగలేదుగా" అనేవాడాయన.

ఒంటరిగా వెళ్లేటప్పుడు మావయ్య కొండకు దూరంగా, లోయ అంచునే నడుస్తాడు. భార్య పక్కనుంటే మాత్రం తను కొండవైపుకు జరిగి, ఆమె భుజం మీద చెయ్యి వేస్తాడు. నిన్న సాయంత్రం ఇద్దరూ కొట్టు నుంచి వస్తుంటే నాలుగు గులకరాళ్లు టపటపా వలలో రాలాయి. అతని చెయ్యి బిగుసుకుంది.

"వల ఆపుతుందంటావుగా ఎప్పుడూ?" అందామె.

"ఆపుతుంది."

"మరి నాకు అడ్డంగా నడవడమెందుకు?"

ఆమె అతని చెయ్యి తీసేసి, చుట్టూ తిరిగి వచ్చి కొండవైపున నడవసాగింది.

"రోజంతా నువ్వే కాశావుగా. ఇంటిదాకా నేను కాస్తాలే."

వాళ్ల ఇల్లు కూడా ఆ కొండ కిందే ఉంది.