వరండా దాకా

బాపట్లలోని ఒక చిన్న ఆసుపత్రిలో మార్తమ్మ నర్సు. యాభై దాటిన మనిషి, ఆమెకే మోకాళ్ల నొప్పులు. అయినా పొద్దున్నే డ్యూటీకి రాగానే మందుల ట్రే పక్కన పెట్టి ముసలివాళ్ల మంచాల దగ్గరికే వెళుతుంది. మంచం కింద చెప్పులు వెతికి తొడుగుతుంది, చంకలో చెయ్యి వేసి లేపుతుంది. "నన్ను పడుకోనియ్యవే తల్లీ" అని విసుక్కున్నా, "నాలుగడుగులే పిన్నీ, వరండా దాకా" అంటూ నడిపిస్తుంది. వాళ్లు గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటే తానూ ఆగుతుంది.

ఎనభై ఆరులో ఆమె ఇలా ఉండేది కాదు. ఆ ఏడు కర్లపాలెం నుంచి సీతారావమ్మ అనే ముసలమ్మ జ్వరంతో బస్సు దిగి, తన కాళ్ల మీదే నడిచొచ్చి చేరింది. నాలుగో రోజుకి జ్వరం తగ్గినా, నీరసం పోవాలని డాక్టరు ఉంచారు. "కాళ్లు బిగుసుకుపోతన్నాయమ్మాయ్, కాస్త తిరిగొస్తా" అని ఆమె దిగబోయేది. పడితే మాట తన మీదికొస్తుందని మార్తమ్మ భయం. "కదిలావంటే ఊరుకోను మామ్మా" అని కసిరి, మంచానికి అడ్డంగా బల్ల జరిపేది. పన్నెండో రోజున ఇంటికి పంపుదామని లేపితే ముసలమ్మ చతికిలపడిపోయింది. "ఇవి నా కాళ్లేనా?" అంది.

కొడుకు ఆమెను ఎత్తుకెళ్లి రిక్షాలో కూర్చోబెట్టి, వెనక్కి వచ్చి మార్తమ్మకు దణ్ణం పెట్టాడు. "మా అమ్మని బాగా చూసుకున్నారు సిస్టరుగారూ. ఇన్నాళ్లూ కాలు కింద పెట్టనివ్వలేదు."

నిజం చెబుదామని మార్తమ్మ నోరు తెరిచింది. "జాగ్రత్తగా తీసుకెళ్లండి" అని మాత్రం అంది.