ఆరు వాక్యాల బేరం

2011 సెప్టెంబరు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై జగిత్యాలలో బళ్లు, ఆఫీసులు మూతపడ్డాయి. బస్సులు డిపో దాటడం లేదు. క్లాక్ టవర్ దగ్గర స్టీలు సామాను దుకాణం పైన నేను అద్దెకు తీసుకున్న గదిలో మాత్రం స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు నడుస్తూనే ఉంది. ఉద్యమానికి ద్రోహం చేశానని అనుకోకండి. బంద్ పిలుపు ఉన్న రోజు మెట్ల దగ్గరి షట్టరు పూర్తిగా దింపేవాణ్ణి, మిగతా రోజుల్లో సగం దింపేవాణ్ణి. కోరుట్ల బట్టల దుకాణంలో పుట్టి పెరిగినవాడికి సగం షట్టరు విద్య ఎవరూ నేర్పనక్కర్లేదు.

మా వృత్తిలో పిక్చర్ డిస్క్రిప్షన్ అని ఒక పరీక్ష ఉంది. మనిషి చేతిలో ఒక బొమ్మ పెడతారు. అందులో ఏముందో అప్పటికప్పుడు రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పాలి. తెలుగులో అయితే చిన్నపిల్లలైనా చెబుతారు. ఇంగ్లీషులో అడగ్గానే డిగ్రీలు చదివినవాళ్లు కూడా బొమ్మను వదిలేసి సీలింగు ఫ్యాను వైపు చూస్తారు, మాటలన్నీ దాని రెక్కలకే వేలాడుతున్నట్టు. దానికి నా దగ్గర ఒక మందు ఉండేది. ఏ బొమ్మకైనా పనికొచ్చే ఆరు వాక్యాలు. వీటిని ఫిల్లర్లు అంటాం. ఏమీ తోచనప్పుడు ఖాళీ నింపే మాటలన్నమాట. 'దిస్ ఈజ్ ఎ బ్యూటిఫుల్ పిక్చర్' అని మొదలై 'పీపుల్ ఆర్ వెరీ హ్యాపీ' అని ముగిసేవి.

కోరుట్ల దుకాణంలో మా బాపు కూడా చీర మడత విప్పాడంటే రంగు పోదు, ధర తక్కువ, మీ ఒంటికి మంచిగుంటది అని గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. ఎదురుగా కూర్చున్నది ఎవరో, విప్పింది ఏ చీరో పట్టించుకునేవాడు కాదు. నేను అదే వ్యాపారం ఇంగ్లీషులో పెట్టాను. ఒకసారి వరదలో ఇంటి కప్పెక్కి కూర్చున్న జనం బొమ్మ ఇస్తే, నా శిష్యుడొకడు వాళ్లు కూడా చాలా సంతోషంగా ఉన్నారని చెప్పాడు. వాక్యంలో తప్పు లేదు కదా అని మార్కులు వేశాను.

ఆ సమ్మె రోజుల్లోనే పర్వీన్ వచ్చింది. పుట్టిల్లు సిరిసిల్ల. జగిత్యాలలో మోటారు మెకానిక్‌కు ఇచ్చారు. తెలుగు మీడియంలో ఇంటర్ దాకా చదివింది. కోరుట్లలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో నర్సరీ టీచరు ఖాళీ ఉందట. సమ్మె ముగిసి బళ్లు తెరవగానే ఇంటర్వ్యూ. నర్సరీ పిల్లలకు చార్టులు చూపించి మాట్లాడించాలి కాబట్టి అక్కడ అసలు పరీక్ష బొమ్మ గురించి చెప్పడమే. ఆ బడిలో పనిచేసే టీచర్ల పిల్లలకు ఫీజు లేకుండా సీటు ఇస్తారని ఆమె విన్నది. నాలుగేళ్ల కూతురు రుబీనా ఇంట్లో ఉంది.

"నౌకరీ గంత ముఖ్యం కాదు సార్. బిడ్డకు సీటు కావాలె" అంది మొదటి రోజే.

బొమ్మ గురించి ఎన్ని వాక్యాలు చెప్పాలని అడిగింది. ఆరు చాలని తెలిసి కూడా పది అన్నాను. బేరంలో మొదటి మాట ఎప్పుడూ ఎత్తులోనే ఉండాలి. ఆమె రెండు అంది. నేను ఎనిమిదికి దిగాను, ఆమె నాలుగుకు ఎక్కింది. ఆరుకు తెగింది. గెలిచానని లోలోపల మురిసిపోయాను. ఎనిమిది దాకా ఒప్పుకుందామనే వచ్చానని చాలా రోజుల తర్వాత చెప్పింది.

మొదట ఇచ్చింది పెళ్లి భోజనాల బొమ్మ. మిగతావాళ్లంతా గడగడా అప్పజెప్పారు. పర్వీన్ దాన్ని వెలుతురుకు వంచి పట్టుకుని ఒక నిమిషం పాటు నోరు విప్పలేదు. నేను బల్ల మీద స్కేలుతో తట్టాను. అప్పుడు అంది: "ఆల్ సిట్. వన్ లేడీ స్టాండ్. హర్ ప్లేట్ ఎంప్టీ."

ఆ బొమ్మ నేను ఎందరికో చూపించాను. మూలన ఖాళీ పళ్లెంతో నిలబడ్డ ఆ ఆడమనిషి ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. అయినా ఒప్పుకోలేదు. పెళ్లి బొమ్మలో ఖాళీ పళ్లెం సంగతి ఎవరికి కావాలి, మన సరుకులో లోపం మనమే చూపించుకుంటామా అన్నాను.

తాను ఒకప్పుడు చేసింది ఆ పనే అని చెప్పింది. పెళ్లికి ముందు నాలుగేళ్లు సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన గుడ్డను తనిఖీ చేసేదట. పొడుగాటి బల్ల మీద గుడ్డ జరుగుతూ ఉంటుంది. తెగిన పోగు, నూనె మరక, పలచబడ్డ జాగా కనబడగానే సుద్దతో గుర్తు పెట్టాలి.

"మంచిగున్న గజం ముచ్చట ఎవ్వలడుగరు సార్. ఖరాబు ఏడున్నదో గదే చెప్పుమంటరు. నా కండ్లకు గట్లనే అలవాటైంది."

ఆ అలవాటు మానుకోమన్నాను. నేను చేసిన తప్పు అదే. అమ్మేవాడి కన్ను తప్ప ఇంకో కన్ను ఉంటుందని తట్టలేదు. వారం రోజులు నా ఆరు వాక్యాలు ఆమెతో బట్టీ పట్టించాను. పట్టింది. కానీ అప్పజెప్పేటప్పుడు గొంతులో ప్రాణం ఉండేది కాదు. బొమ్మ తలకిందులుగా ఇచ్చినా ఇట్లాగే చెబుతుందా అనుకుని ఒకరోజు నిజంగానే తలకిందులుగా ఇచ్చాను. గమనించి చిన్నగా నవ్వింది. అయినా బ్యూటిఫుల్ అనే మొదలుపెట్టింది.

అక్టోబరులో ఒకరోజు టవర్ దగ్గర వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని రాకపోకలు ఆపే నిరసన అది. క్లాసంతా కిటికీ దగ్గరే ఉంది. సరే, ఇదే మీ బొమ్మ, చెప్పండి అన్నాను. మొదట లేచిన ఇద్దరూ బ్యూటిఫుల్ అన్నారు, హ్యాపీ అన్నారు. కింద జనం రాష్ట్రం కోసం గొంతులు పోయేలా అరుస్తున్నారు. పైన మేము వాళ్లకు చీరలు అమ్ముతున్నట్టు మాట్లాడుతున్నాం. నేను నేర్పిన మాటలు నా చెవికే గుచ్చుకోవడం అదే మొదటిసారి.

పర్వీన్ కిటికీ చువ్వలు పట్టుకుని చాలాసేపు చూసింది. ఈసారి నేను స్కేలు ముట్టుకోలేదు. అప్పుడు నెమ్మదిగా మొదలుపెట్టింది.

"దేర్ ఈజ్ నో బస్. త్రీ స్టోన్స్ ఆన్ ద వైట్ లైన్. రైస్ ఈజ్ బాయిలింగ్." చూపు పొయ్యి పక్కకు జరిపింది. "వన్ పోలీస్ ఈజ్ స్టాండింగ్. హీ ఈజ్ లుకింగ్ అట్ ద రైస్. హీ ఈజ్ హంగ్రీ."

అందరి తలలూ ఒక్కసారి ఆ పోలీసు వైపు తిరిగాయి. నిజమే. చేతిలో లాఠీ ఉంది, చూపు మాత్రం గంజి పొంగుతున్న గిన్నె మీద ఉంది. క్లాసంతా నవ్వింది. కాసేపటికి వండుతున్న ఒకామె విస్తరిలో అన్నం పెట్టి అతని చేతికిచ్చింది. ఒప్పందం ప్రకారం పర్వీన్ వాక్యాలు ఆరూ అయిపోయాయి. అయినా ఎవరూ అడగకుండానే ఏడోది చెప్పింది: "నౌ హీ ఈజ్ ఈటింగ్."

ఆ సాయంత్రం నా వాక్యాలు మరిచిపొమ్మన్నాను. అయితే దుకాణం బుద్ధి ఎక్కడికి పోతుంది? మొదటి వాక్యం ఒక్కటి నాది ఉంచు, మిగతా అయిదూ నీవి అన్నాను. సరేనంది.

సమ్మె ముగిసి బళ్లు తెరిచాక ఇంటర్వ్యూ జరిగింది. ఆ రోజు బాపును చూసే నెపంతో నేనూ కోరుట్ల వెళ్లి మా దుకాణంలో కూర్చున్నాను. మధ్యాహ్నం పర్వీన్ అక్కడికే వచ్చి జరిగిందంతా చెప్పింది.

అయిదుగురు వచ్చారట. అందులో ఇద్దరు నా పాత శిష్యురాళ్లే. ఇద్దరూ అవే ఆరు వాక్యాలు, అదే వరుసలో చెబితే, మీ ఇద్దరూ ఒకే క్యాసెట్ విన్నారా అని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగిందట. పర్వీన్‌కు ఇచ్చింది వానలో ఆడుకుంటున్న బడి పిల్లల బొమ్మ. ఆమె నా ఒక్క వాక్యాన్ని కూడా బయటే వదిలేసి లోపలికి వెళ్లింది. తెగిన బేరం తప్పిన మనిషిని చూసి నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఒక పిల్ల ఆడటం లేదు, చూరు కింద నిలబడి ఉంది, ఒక కాలికి చెప్పు లేదు, టీచరు అటు చూడటం లేదు అని చెప్పిందట. నువ్వే ఆ టీచరువైతే ఏం చేస్తావని మేడమ్ అడిగింది. "ఫస్ట్ ఐ సీ హర్" అంది పర్వీన్.

నౌకరీ వచ్చింది. మేడమ్ తనే వెంట తీసుకెళ్లి నర్సరీ గది చూపించింది. చూపించి, పిల్లలకు సీటు సౌకర్యం ఏడాది పనిచేసిన తర్వాతే అని, ఈ ఏడు నర్సరీ నిండిపోయిందని చెప్పింది.

ఇక్కడిదాకా విని, పోనీలే అమ్మా, ఏడాది ఎంతలో తిరుగుతుంది అన్నాను. నేనైతే అక్కడే చేతులు జోడించి వచ్చేసేవాణ్ణి. పర్వీన్ తల అడ్డంగా ఊపింది. తాను అక్కడ ఇంగ్లీషులో అన్న మాట మళ్లీ అదే గొంతుతో చెప్పింది.

"మేడమ్, నియర్ ద విండో వన్ స్మాల్ చైర్ ఈజ్ ఎంప్టీ. అదర్ చైర్స్, నో డస్ట్. దట్ చైర్, డస్ట్. నోబడీ ఈజ్ సిట్టింగ్. మై డాటర్ ఈజ్ స్మాల్."

మేడమ్ కిటికీ దాకా నడిచి, ఆ కుర్చీ మీద వేలితో గీసి చూసుకుందట. సోమవారం బిడ్డను తీసుకురమ్మంది.

గద్దె మీద కూర్చుని అంతా వింటున్న బాపుకు ఇంగ్లీషు రాదు. నేను తెలుగులో చెప్పాక ఆమెను ఎగాదిగా చూసి, "ఎవలు ఎవలికి నేర్పిండ్రురా?" అని నన్నడిగాడు.

ఆ వారమే పద్ధతి మార్చాను. ఇప్పుడు బొమ్మ చేతికిచ్చాక ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, నేను కూడా. చూసింది తెలుగులోనో ఉర్దూలోనో మనసులో పెట్టుకోమంటాను. చూసినదానికి ఇంగ్లీషు ఎట్లాగో దొరుకుతుంది. చూడనిదానికి ఏ భాషా దొరకదు. ఇది నాకు నేర్పింది సిరిసిల్ల గుడ్డల బల్ల దగ్గర కళ్లు పదును పెట్టుకున్న మనిషి అని ప్రతి కొత్త బ్యాచికీ గర్వంగా చెబుతాను. ఆ ఒక్క నిమిషం నోరు మూసుకుని కూర్చోవడం మాత్రం నాకు ఇన్నేళ్లయినా అలవాటు కాలేదు. పిల్లలు బొమ్మ చూస్తుంటే నేను గడియారం చూస్తుంటాను.