గట్టు వెంట కోయని వరుస

మా మేనత్త పోయిందని కబురొచ్చేసరికి నేను టెక్కలిలో, క్లాసుకి బయల్దేరబోతూ ఉన్నాను. సోంపేట బస్సెక్కాక కూడా ఏడుపు రాలేదు. ఆమె ఒకసారి అడిగిన ప్రశ్నే లోపల తిరుగుతూ వచ్చింది.

ఆమెది జలంత్రకోట దగ్గర పల్లె. కొబ్బరితోట వెనక మెరకపొలంలో మావయ్య ఏటా గోగు వేసేవాడు. నార కోసం వేసిన గోగుని పూతమీదే కోసి నీళ్లలో నానబెట్టాలి. గింజ పట్టేదాకా ఆగితే నార ముదిరిపోతుంది. గింజ కావాలంటే ఆ మొక్కల నార వదులుకోవలసిందే. అత్త గట్టు వెంట ఒక వరుస కోయనిచ్చేది కాదు. నీ గింజల పొడికోసం నా తాళ్లు పోతన్నాయని మావయ్య సణిగేవాడు.

"నార మోకుకి, గింజ నడుముకి. నీకేది కావాలో సెప్పు" అనేది అత్త.

ఎండిన గోగుకాయల మీద సన్నటి నూగుంటుంది. గుచ్చుకుంటే రోజంతా దురదే. అత్త చేతులకి కొబ్బరినూనె రాసుకుని కాయలు నలిపేది. గింజలు వేయిస్తుంటే నువ్వుల వాసనకి కాస్త చేదు కలిసినట్టుండేది. ఎండుమిరప, వెల్లుల్లి, చింతపండు వేసి రోట్లో దంచేది. చోడి అంబలిలోకి, అదే రాగి అంబలిలోకి, ఆ పొడి ఉంటే మేం ఇంకేదీ అడిగేవాళ్లం కాదు. బాలింతలకి బలమనీ, నడుంనొప్పికి మంచిదనీ వీధంతా పంచేది. గింజ పనిచేసేదో, ఆమె చేతి మీది నమ్మకమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

తర్వాత ఆమె కాళ్లు పొంగాయి. మా ఉద్దానంలో ఎన్నో ఇళ్లకు వచ్చిన కిడ్నీ జబ్బే. విశాఖలో డాక్టరు తినకూడనివి చెబుతుంటే ఓపిగ్గా విని, "కొబ్బరొద్దు, జీడిపప్పొద్దు, గింజొద్దు. ఉద్దానంలో ఇంకేటి మిగిలింది బాబూ, ఇసకేనా?" అంది. ఆయనా నవ్వాడు.

ఇంటికొచ్చాక, నా వైపు చూడకుండా అడిగింది.

"కోడలా, సదువుకున్నదానివి గదా. ఈ గింజే నన్ను తినీసిందేటి? ఊరందరికీ పెట్టాను గదే."

కొందరు నీళ్లంటున్నారనీ, ఇంకేవేవో అంటున్నారనీ, అసలు కారణం తెలీదనీ చెప్పాను. పొడి ముట్టని ఇళ్లలోనూ జబ్బుందని గుర్తుచేశాను.

"తెలీదనడానికి అంత సదువెందుకే" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఆమె పొడి ఎవరికీ పెట్టలేదు. పక్కింటి బాలింత కోసం వాళ్లత్త గిన్నె పట్టుకొస్తే, గింజ పుచ్చిపోయిందని తిప్పి పంపింది. డబ్బా నిండుగా ఉండటం నేను చూశాను.

అలాంటిది, కబురందుకుని నేను వెళ్లేసరికి పొలమంతా కోసేసి ఉంది గానీ, గట్టు వెంట వరుస నిలబడే ఉంది. ఎవరు ఆపమన్నారని మావయ్యని అడిగాను.

"అదే ఆపమన్నాది. ఎవలికని సెప్పనేదు" అన్నాడు. కొడవలి అరుగు మీద పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

తినడానికా, విత్తనానికా, ఏటా ఆపే చెయ్యి కనక ఆపిందా? నూనె రాసుకోవాలన్న సంగతి మరిచి ఒక కాయ నలిపాను. బూడిదరంగు గింజలు అరచేతిలో పడ్డాయి. నోట్లో వేసుకోబోయి ఆగాను. పారేయబోయీ ఆగాను. చివరికి కొంగున ముడేసుకున్నాను.

ఇప్పుడవి నా బల్ల మీద ఉన్నాయి. వేళ్ల సందుల్లో నూగు ఇంకా గీరుతూనే ఉంది.