మార్తమ్మగారు వెతికిన దక్షిణపు చుక్కలు

మనవరాలికి డాక్టరు రాసిచ్చిన చేపనూనె సీసా మూత తీయగానే ఆ నీచువాసన గది నిండా పరుచుకుంది. ఇంట్లో వాళ్లంతా ముక్కు మూసుకున్నారు. నేను మాత్రం సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసనకు నా పంతొమ్మిదో ఏడూ, చేవెళ్లలోని మిషన్ బడీ, అక్కడి పెద్ద పంతులమ్మ మార్తమ్మగారూ గుర్తొచ్చారు. ఆమెను ఎరిగినవాళ్లు నాకు తెలిసి ఇప్పుడెవరూ లేరు. అందుకే ఇది రాస్తున్నాను.

అవి రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. కిరోసిన్ దొరకదు, తిండిగింజలు దొరకవు. షాబాద్ దగ్గరి మా ఊళ్లో అమ్మా, ఇద్దరు తమ్ముళ్లూ నా జీతం మీదే బతికేవారు. నేను చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించేదాన్ని, మార్తమ్మగారి ఇంట్లోనే ఒక గదిలో ఉండేదాన్ని. అప్పటికి ఆమెకు అరవై దగ్గరపడ్డాయి. పొట్టి మనిషి, నడక మాత్రం చురుకు. ఆమె పుట్టింది మారిషస్ దీవిలో. తల్లిదండ్రులు చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి పోయినవారు. ఆ దీవి కొండలు ఎప్పుడో నిప్పు కక్కాయట, ఆ నిప్పే చల్లారి నల్లరాయిగా మారిందట. పని ముగిశాక తల్లి ఆమెను ఆ రాళ్లమీద కూర్చోబెట్టుకుని, ఆకాశంలో సిలువలా కనిపించే నాలుగు చుక్కలను చూపించేది. మార్తమ్మగారి పదో ఏట తల్లి జ్వరంతో అక్కడే పోయింది. తండ్రి బిడ్డను తీసుకుని తిరిగి వచ్చాడు.

"మా అమ్మను మట్టిల పెట్టిన జాగల రాయి గూడ లేదు బిడ్డా. ఆ చుక్కలే నాకు గుర్తు," అనేది.

ఆ చుక్కలు మన వైపు ఎండాకాలం రాత్రుల్లో, దక్షిణాన, నేలకు కాస్త పైన కొద్దిసేపు కనిపించి దిగిపోతాయి. చెట్టు అడ్డమొచ్చినా, పొయ్యిల పొగ పట్టినా అంతే సంగతులు. అందుకే సెలవులు వస్తే ఆమె పగలంతా తిరిగి మంచి చోటు వెతికేది. ఊరికి దూరంగా, దక్షిణం వైపు తెరిపిగా, కూర్చోవడానికి నల్లటి బండ ఉన్న చోటు కావాలి ఆమెకు. ఏళ్ల తరబడి కూర్చున్న బండ ముందు ఎవరో మామిడితోట వేశారు. చెట్లు ఎదిగి ఆకాశాన్ని మూసేశాయి. పైగా ఆమె చూపు మందగిస్తోంది. ఆ వేసవిలో నన్ను పిలిచి, "నాకు దూరం ఆనుతలేదు రూతూ. నువ్వు చూసి చెప్పాలె," అంది.

నేను సరేనన్నాను. చెప్పవలసిన మాట చెప్పలేదు. చలికాలం నుంచే పొద్దుగూకితే నాకు కళ్లముందు నల్లగుడ్డ కప్పినట్టు అయ్యేది. గది నుంచి బావి దాకా అడుగులు లెక్కపెట్టుకుని నడిచేదాన్ని. కళ్లు కనబడని పంతులమ్మను ఎవరు ఉంచుకుంటారు? ఆ భయంతో నోరు కుట్టేసుకున్నాను.

ఆలూరు వైపు ఆమె పగలే చూసి పెట్టిన బండ దగ్గరికి వెళ్లాం. ముందు లాంతరు పట్టుకుని ఆమె, ఆ వెలుగు మీదే కన్ను పెట్టి వెనక నేను. బండ మీద కూర్చున్నాక ఆమె లాంతరు ఆర్పేసింది. నాకు లోకం మొత్తం ఆరిపోయింది.

"కనబడుతున్నయా?"

"కనబడుతున్నయమ్మా."

"నాలుగా?"

"నాలుగు."

ఆమె బండ మీద మోకరించిన చప్పుడు విన్నాను. "అమ్మా, దొరికినవే," అంటూ ఆమె ఏడుస్తోంది. పక్క చేనులో గొర్రెల మందకు కాపలా ఉన్న ముసలాయన ఆ ఏడుపు విని దగ్గరికి వచ్చాడు. ఏమైందని అడిగితే, దక్షిణాన చుక్కలు చూసి తల్లిని తలుచుకుంటున్నానని ఆమె చెప్పింది.

"ఆ దిక్కు చుక్కలేడియి తల్లీ? అంత మబ్బే ఉన్నది గద," అన్నాడాయన.

ఆయన వెళ్లిపోయాక ఆమె నా వైపు జరిగిన చప్పుడైంది. నెమ్మదిగా అంది. "నా చెయ్యి నీ ముందట్నే ఉన్నది. పట్టుకో."

చెయ్యి చాపాను. ఏమీ తగల్లేదు.

"ఎన్ని దినాలాయె?"

"చలికాలం సంది. పని పోతదని చెప్పలే అమ్మా."

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. తిరిగి వచ్చే దారిలో ఒక్కటే మాట అంది. "కనబడతలేవంటే రేపు ఇంకో జాగ చూద్దుము. ఉన్నయన్నంక ఇగ వెతుకుడే బందయితది గద బిడ్డా." కోప్పడి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్నేమో.

మర్నాడే మొయినాబాద్ మీదుగా పోయే మోటారులో నన్ను పట్నం దవాఖానకు తీసుకుపోయింది. అది తిండి చాలక వచ్చిన రేచీకటి అనీ, ఫికర్ లేదనీ డాక్టరు చెప్పి చేపనూనె ఇచ్చాడు. ఆమె రోజూ ఎదురుగా నిలబడి తాగించేది. తన వంతు పాలు నా గ్లాసులో పోసేది. కొన్నాళ్లకు ఒక సాయంత్రం దీపాల వేళ బావిగట్టు అంచు కనబడింది. నేను అరిచిన అరుపుకు ఆమె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

అప్పటికి వానలు పడి, ఆ చుక్కలు కనబడే కాలం దాటిపోయింది. మళ్లీ వేసవి వచ్చేసరికి ఆమెకు వెలుతురూ చీకటీ తప్ప ఏమీ తెలియని స్థితి. కంటి నరమే దెబ్బతిన్నదనీ, ఆపరేషన్‌తో లాభం లేదనీ అదే డాక్టరు చెప్పాడు. ఆ సెలవుల్లో చోటు వెతికింది నేను. మొయినాబాద్ వైపు హిమాయత్‌నగర్ అనే పల్లె దాటాక, దక్షిణానికి చేలన్నీ పల్లంగా దిగిపోయే చోట వెడల్పాటి నల్లబండ దొరికింది. ఎడ్లబండి కట్టించి ఆమెను తీసుకుపోయాను. ఆమె అరచేత్తో బండను తడిమి, "పగటి వేడి ఇంక పోలే," అంది. ఆ తర్వాత అడగడానికి భయపడుతున్నట్టు అడిగింది.

"ఉన్నయా?"

నేను చాలాసేపు చూశాను. నాలుగూ ఉన్నాయనాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

"మూడు కనబడుతున్నయమ్మా. కుడిపక్కది మాత్రం కనబడతలేదు."

"అది ఎప్పటికీ మసకనే ఉంటది రూతూ. మా అమ్మ గూడ దాన్ని వెతికి వెతికి చూపెట్టేది," అంది. ఆమె వేలు పట్టుకుని ఒక్కో చుక్క వైపూ చూపించాను. ఆ మూడూ దిగిపోయేదాకా మేం లేవలేదు.

ఇంకో రెండేళ్లకు ఆమె పోయింది. బడి నా చేతికి వచ్చింది. ఏటా బడి తెరిచాక ఒక రోజు పిల్లలందర్నీ చీకటి పడేదాకా ఉంచి, ఎవరికైనా రేచీకటి ఉందేమో చూడ్డానికి ఒక్కొక్కరినే వాకిలి దాటి నా దగ్గరికి రమ్మనేదాన్ని. ఒకసారి ఒక ఆడపిల్ల గడప దగ్గరే ఆగిపోయింది. "నేను కనబడుతున్ననా?" అంటే, "కనబడుతున్నవు టీచర్," అంది గట్టిగా, గోడ వైపు చూస్తూ. దాని గొంతులోని భయం నాకు బాగా తెలుసు. నేనే వాకిలి దాటి వెళ్లి దాని చెయ్యి పట్టుకున్నాను.