పాలమొక్క మీద తిప్పతీగ

తుపానుకు మా అమ్మవారి తోపులో ముసలి పాలచెట్టు కూలింది. పైన కొమ్మల కప్పులో పడిన చిల్లులోంచి దిగిన ఎండతో చిట్టమూరు మండలం వడ్లన్నీ ఒక్కపూటలో ఆరబెట్టుకోవచ్చు. ఆ ఎండకు చెట్ల కంటే ముందు తీగలు లేచాయి. అక్కడ కునుకు తీస్తే లేచేసరికి మెడకు చుట్టుకుని ఉంటాయని ఊరంతా చెప్పేవాణ్ణి. సగం నిజమే.

కూలిన మాను పక్కన ఒక్క పాలమొక్క మిగిలింది. నా నడుమెత్తు ఉంటుంది. నా నడుము ఎక్కడుందో నేనే వెతుక్కోవాలి, అది వేరే సంగతి. ఆ మొక్క తీగల్ని దాటి పైకి పోతేనే అక్కడ మళ్లీ చెట్టు. తోపుకు కాపు కాసేది మా పెదనాయన. ఆయన ప్రాణమంతా ఆ మొక్క మీదే.

తోపులోకి ఇనుము రాకూడదు. మొలతాడుకున్న తాళంచెవి కూడా బయట రాయి మీద పెట్టి పోవాలి. అందుకని పెదనాయన గొంతుక్కూర్చుని, తిప్పతీగల్ని ఒక్కొక్కటే చేత్తో విప్పి, వేరుతో పెరికి, బయట ఇసుకలో ఎండబెట్టేవాడు. రోజుకు మూరెడు జాగా.

“నువ్వు ముగించేసరికి సముద్రం ఇంకిపోతుంది పెదనాయనా,” అన్నాను.

“నోటితో పెరికే పనైతే నువ్వొక్కడివే తోపంతా చేసుందువు. పట్టుకోరా ఆ కొస.”

వానల ముందు ఆయన జ్వరంతో పడ్డాడు. రెండు నెలలు మంచం దిగలేదు. నేను చొక్కా కింద కొడవలి దాచుకుని వెళ్లి, గంటలో తోపుకు క్షవరం చేసినంత పని చేశాను. మొక్క ఎండ చూసింది. ఇంటికొచ్చి మూడు కంచాలు తిన్నాను.

తిప్పతీగ కోస్తే చావదు. కొమ్మలకు వేలాడే ముక్క నేలకు వేళ్లు దించుతుంది. కిందపడిన ముక్క వానకు మరో తీగవుతుంది. వందను వెయ్యి చేశాను. ఈ ఒక్క అంకె మాత్రం నేను పెంచి చెప్పింది కాదు.

పెదనాయన లేచి వెళ్లేసరికి మొక్క ఆ తీగల బరువుకు వంగి, మొదలు దగ్గర విరిగి ఉంది. ఆయన ఒక తీగ అందుకుని, పాత కోత మీద వేలితో తడిమాడు. చేత్తో తెంపితే అంత నున్నగా రాదు.

“ఇనుమొచ్చినాది లోపలికి,” అన్నాడు.

“మేకలోళ్లు ఎవరో అయ్యుంటారులే.”

“ఎవురైతే ఏందిరా. కాపు నాది. నేను పడుకోబట్టే గదా.”

శుక్రవారం పొంగలి కుండతో తప్పు చెప్పుకోవడానికి బయలుదేరాడు. అడుగు తడబడుతుంటే కుండ నేను మోశాను. విరిగిన మొక్క ముందు ఆయన బోర్లా పడుకుని, తప్పు తనదేనని అమ్మవారికి చెప్పుకున్నాడు. మోకాళ్లు పట్టేసి ఆయన లేవలేకపోతే, కొడవలి పట్టిన చెయ్యే అందించాను. పట్టుకుని లేచాడు.