మోయనివ్వని మా టీచరమ్మ

మా సోషల్ టీచరమ్మ పోయిన వారం కన్నుమూసింది. కబురు అందగానే కంబదూరు బస్సెక్కాను. వాకిట్లో అందరిదీ ఒకటే మాట: "పాపం, ఇప్పటికన్నా ఆ కాళ్ల బాధ తీరింది." నాకు ఒళ్లు మండింది. ఆమె బతికుండగా ఆ మాట ఎదుట అని ఉంటే తెలిసేది.

ఆమెకు చిన్నప్పుడే పోలియోతో రెండు కాళ్లూ పడిపోయాయి. చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో బడికి వచ్చేది. బోర్డు మీద కింది సగమే ఆమెది. "పైసగం మీది, లేచి రాయండి" అనేది.

ఏటా పిల్లలను ఊరి బయట ఉన్న పాత రాతిగుడికి తీసుకెళ్లేది. పూజల్లేని గుడి, సర్కారు కాపలాలో ఉండేది. గడప జానెడు ఎత్తు. మేము లోపలికి పోతే ఆమె ఎండలో బయటే ఉండి, తిరిగొచ్చాక "ఏం చూసినారో చెప్పండి" అని అడిగేది. తాను పాఠం చెప్పిన శిల్పాలను అప్పటిదాకా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

ఎత్తుకుపోతామని వచ్చేవాళ్లకు కొదవ లేదు. "నేనేమన్నా ఉత్సవ విగ్రహమా, మోసుకోని పోయేకి? నా బండి పోయే దావ చూపించండి" అనేది.

తొంభైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా నాయన హమాలీ పని చేసే శెనక్కాయల మండీ ముందు ఆమె బండి ఆపింది. లారీకి చెక్కలు ఆనించి మూటలు ఎక్కిస్తున్నారు. కాసేపు చూసి నాయనను పిలిచింది.

"ఏమప్పా, ఈ చెక్కలు ఒకపూట ఇస్తావా? కాయల మూటకు దావ ఉండాది, నాకే లేదు."

మర్నాడు నాయన వెడల్పాటి చెక్కలు మోసుకొచ్చి గుడి గడపకు బయటొకటి, లోపలొకటి ఆనించాడు. కాపలా ఆయన అడ్డం నిలబడ్డాడు.

"రాయి అరుగుతాదమ్మా. పైవాళ్లకు నేనేం చెప్పల్ల?"

"కింద గోతాలు పరిచినాం కదప్పా. ఇందరి కాళ్లకు అరగని రాయి నా చక్రాలకే అరుగుతాదా? అడిగితే నా పేరు చెప్పు."

ఆయన పక్కకు తప్పుకున్నాడు. మేము తోయబోతే కసిరింది. పళ్లు బిగించి తిప్పింది. సగంలో బండి వెనక్కి జారితే నాయన చక్రం కింద రాయి పెట్టాడు, అంతే. మళ్లీ తిప్పింది. ఎక్కింది.

అక్కడ ఇప్పటికీ ర్యాంపు కట్టలేదు. నేను అడుగుతూనే ఉన్నాను. ఆమె పోయింది కదా అని ఆ అవసరం పోలేదు. ఎక్కడికెళ్లినా ముందు గడప ఎత్తు చూసే అలవాటు నాకు ఆమె వల్లే వచ్చింది.

చెక్కలు వేసిన ఆ రోజు సాయంత్రం గుడి మూసే వేళకు కాపలా ఆయన బయట నుంచి కేకేశాడు. "టైమయింది, రాండమ్మా."

ఆమె స్తంభం మీది బొమ్మ మీంచి చెయ్యి తీయలేదు.

"ఇన్నేండ్లు బయట నేను కాచుకోని ఉంటిని. ఈ పొద్దు నువ్వు కాచుకోప్పా."

ఆయన తాళం చేతిలో పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. లోపల ఒక్కో స్తంభం దగ్గర ఆగుతూ ఆమె బండి మెల్లగా కదులుతూనే ఉంది.